నేను కట్ చేసిన వన్స్‌మోర్

ఆదోనిలో ముప్పై ఏళ్లకు పైగా వీడియోలు తీశాను. నిఖాలు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, నాటకాలు. పోయిన ఏడాది మోకాళ్లు మొరాయించడంతో షాపు షట్టరు దించేశాను. అయినా ఈ పనిలోకి దిగే పిల్లలు ఇంటికి వస్తూనే ఉంటారు. "ఏ కెమెరా కొనాల పీరన్నా?" అని అడుగుతారు. నాకు తెలియదు. ఇప్పటి కెమెరాల మీద ఉండే మీటల్లో సగం దేనికో నాకు అర్థం కాదు. ఏం తీయాలో కూడా పెద్దగా చెప్పలేను, అది తీస్తూ తీస్తూ మీకే తెలుస్తుంది. ఏం కట్ చేయకూడదో మాత్రం చెప్పగలను. ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అది కూడా ఒక కంటి డాక్టరు, ఆయన దగ్గరున్న ఇటలీ నాటకం వల్ల తెలిసింది.

బాషాభాయ్ సూత్రాలు

నాకు పని నేర్పినవాడు బాషాభాయ్. ఆదోనిలో మొదట వీడియో కెమెరా తెచ్చిన నలుగురిలో ఒకడు. మనిషి మంచివాడు, చేతివాటం గొప్పది, కోపం ముక్కు మీదే ఉండేది. క్యాసెట్లు ఎడిట్ చేసేటప్పుడు నా వెనక నిలబడి రెండే మాటలు చెప్పేవాడు.

"అరే పీరా, ఊగిన బొమ్మ ఉంచినావంటే గిరాకీ మల్ల మన గడప తొక్కడు. కోసి పారెయ్. చెప్పిందే చెప్పే చోట కూడా కోసి పారెయ్. ఇంట్లో కూసోని చూసేటోనికి అంత ఓపిక యాడుంటాది?"

పెళ్లిళ్లకు ఇది నూటికి నూరుపాళ్లు సరైన మాట. పెళ్లికొడుకు మేనమామ భోజనాల దగ్గర మూడుసార్లు కెమెరాకు చెయ్యి ఊపితే రెండుసార్లు తీసేయాల్సిందే. చిక్కెక్కడ వచ్చిందంటే, బాషాభాయ్ నాటకాన్ని కూడా పెళ్లి లాగానే చూసేవాడు. నేనూ అంతే. అడవిలో రాణి ఏడుస్తూ పద్యం పాడుతుంటే తెర మీద గులాబీ రేకులు రాలేటట్టు మిక్సింగ్ చేశాను. రాజు రాజ్యం పోగొట్టుకునే సీన్లో ఆయన ముఖాన్ని గుండె ఆకారంలో బిగించి గిరగిరా తిప్పాను. చూసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. వాళ్లనూ అనడానికి లేదు, అప్పట్లో అందరికీ అదో వింత.

నాటకాల క్యాసెట్లు ఎవరి కోసం తీసేవాళ్లమో చెప్పాలి. నాటకానికి వెళ్లలేని ఆడవాళ్లు, మంచం దిగలేని ముసలివాళ్లు, వీసీపీ అద్దెకు తెచ్చుకుని ఇంట్లో చూసేవాళ్లు. మా అమ్మ కూడా అట్లా చూసినదే. పురాణం కథ పెద్దగా తెలియకపోయినా పద్యం ఎత్తుకోగానే చేతిలో పని ఆపేసేది. ఒకసారి నేను తీసిన నాటకమే చూస్తూ, "పాడేటామె గొంతు దగ్గిర నరం ఉబ్బుతాంది, నువ్వు యాడో దీపాలు చూపిస్తావేంటికి?" అంది. ఆ మాటను నేను అప్పుడు చెవిన పెట్టలేదు.

"నా ఏడుపు యాడ పోయింది?"

తప్పుల్లో చిన్నది ముందు చెప్తాను. కౌతాళంలో ఒక నాటకం తీశాను. రాజు వేషం వేసినాయన పేరున్న నటుడు. ఆయన పద్యం పాడుతున్నంతసేపూ ఆయన ముఖానికి జూమ్ చేసి పెట్టాను. ఎదురుగా నిలబడి వింటున్న మంత్రి వేషం రుద్రప్పది. క్యాసెట్ చూసుకున్నాక రుద్రప్ప బస్సెక్కి ఆదోనికి వచ్చాడు, నేరుగా షాపుకే.

"ఏమప్పా పీరా, నా ఏడుపు యాడ పోయింది?"

"మీకు ఆ సీన్లో మాటే లేదు గదన్నా."

"మాట ల్యాకపోతే? ఆయప్ప పాడతాంటే నేను నిలబడి ఏడ్సినా. జనం సగం మంది నన్ను సూసే ఏడ్సినారు. నీ క్యాసెట్‌లో సూస్తే ఆయప్ప గోడకు పాడుకున్నట్టుండాది."

కాసేపు తిట్టి, టీ తాగి, మళ్లీ తిట్టి పోయాడు. ఆ రోజు ఒకటి నేర్చుకున్నాను. ఒకరు పాడుతుంటే వినేవాడు కూడా పని చేస్తున్నట్టే, ఇద్దరూ ఫ్రేములో ఉండాలి. ఆ తర్వాత నాటకాలకు పోతే జూమ్ మీట మీద వేలు పెట్టడం బాగా తగ్గించాను. రుద్రప్ప తిట్లు నాకు ఏ పుస్తకంలోనూ దొరికేవి కావు.

పెద్ద తప్పు అప్పటికే జరిగిపోయింది. అది తప్పని మాత్రం తెలియదు.

ఎమ్మిగనూరులో ఆ సాయంత్రం

ఎమ్మిగనూరులో నేతపనివాళ్ల సంఘం వాళ్లు ఒక పౌరాణిక నాటకం ఆడించారు. కరెంటు కోతల కాలం కాబట్టి సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టారు. రాణి వేషం సరోజమ్మది. ఆమెది నేతపని ఇల్లే. పగలు మగ్గం, సాయంత్రం హార్మోనియం పక్కన సాధన. చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో ఆమె పద్యం అంటే జనం పనులు మానుకుని వచ్చేవాళ్లు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అక్కా అనేవాణ్ని.

అడవిలో ఒంటరిగా మిగిలిన రాణి పాడే పద్యం ఒకటుంది. అది అయిపోగానే మైదానం మొత్తం వన్స్‌మోర్ అని లేచింది. మన వైపు పద్యనాటకం చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అంటారు. కథ అక్కడే ఆగిపోతుంది. నటుడు మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. చచ్చిపోయే సీన్లో ఉన్నవాడు కూడా లేచి రెండోసారి పాడి మళ్లీ చచ్చిపోతాడు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

సరోజక్క రెండోసారి పాడింది.

షాపుకు వచ్చి ఎడిటింగ్‌కు కూర్చున్నాను. క్యాసెట్‌ను ముందుకు పరిగెత్తిస్తూ చూశాను. అట్లా పరిగెత్తించినప్పుడు బొమ్మ కనబడుతుంది గానీ సౌండు రాదు. మొదటిసారి పాడినప్పుడు ఫ్రేము రాయిలాగా కదలకుండా ఉంది. రెండోసారి మొదలయ్యే చోట బొమ్మ భూకంపం వచ్చినట్టు ఊగింది, పక్కకు ఒరిగింది, కొంతసేపటికి గానీ కుదురుకోలేదు. పైగా పాడిందే పాడటం. బాషాభాయ్ సూత్రాలు రెండూ ఒకేచోట కలిశాయి. ఎవరో నా స్టాండు తన్ని ఉంటారనుకుని విసుక్కుని, వన్స్‌మోర్‌తో సహా మొత్తం కట్ చేసేశాను.

క్యాసెట్ కాపీ తీసుకెళ్లి సరోజక్కకు ఇచ్చాను. చూసింది. "బాగుండాది పీరా" అంది. ఆమె మామూలుగా గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేను సంతోషంగా బస్సెక్కాను.

డాక్టరుగారి మూడు డిస్కులు

ఇక ఈమధ్యకు వస్తాను. సరోజక్కకు గొంతులో గడ్డ వచ్చి ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ గొంతు పోయింది. ఇప్పుడు గాలి ఊదినట్టు గుసగుసగా మాట్లాడుతుంది. ఆమె మనవరాలు గీత డిగ్రీ చదువుతోంది, అదే రాణి వేషం వేస్తానని పట్టుబట్టింది. రాగం నేర్పించేవాళ్లు దొరికారు. అవ్వ ఎట్లా పాడేదో మాత్రం ఎవరూ పాడి చూపించలేకపోయారు. ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి పాత నాటకాన్ని పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని పోయింది. వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది.

"తాతా, ఇది ఎన్నిసార్లు విన్నా నాకు అందడం ల్యా. అవ్వను కూసోబెట్టి అడుగుదామంటే దీన్ని సూడనంటాంది. ముఖం తిప్పుకుంటాంది. ఏంటికి తాతా?"

నాకేం తెలుసు? గొంతు పోయింది కాబట్టి చూడలేకపోతోందేమో అన్నాను. గీత తల ఊపింది గానీ నమ్మలేదు. దసరాకు ఆమె మొదటి ప్రదర్శన. మళ్లీ ఎవరూ ఆ పద్యం అవ్వలాగా పాడరేమో అని ఆ పిల్ల భయం. ఆ భయం నాకూ అంటుకుంది.

సరిగ్గా అదే రోజుల్లో రాఘవేంద్రరావు డాక్టరుగారు కబురు పెట్టారు. ఆదోనిలో సగం మంది కళ్లకు పొరలు తీసినాయన. మంత్రాలయం పక్కన అర్చకుల ఇంట్లో పుట్టి పెరిగినాయన. ప్రాక్టీసు తగ్గించాక ఆయనకు ఒపెరా పిచ్చి పట్టింది. ఒపెరా అంటే ఇటలీ వాళ్ల పద్యనాటకం అనుకోండి. వచనం దాదాపు ఉండదు, ఉప్మా వండుకోవాలన్నా పాడాల్సిందే. ఆదివారం మధ్యాహ్నాలు నలుగురు స్నేహితుల్ని పిలిచి ఇంట్లో పెద్ద టీవీలో చూపించాలని ఆయన ముచ్చట. ఒకే ఒపెరావి మూడు రికార్డింగులు తెప్పించారు.

"వచ్చేటోళ్లు ఎన్నడూ ఇట్లాంటిది చూసినోళ్లు కాదు పీరా. మూడింట్లో ఏది పెట్టాలో నీ కన్నుతో చూసి చెప్పు. నా కన్నును నేను నమ్మను" అన్నారు.

మూడు ఆదివారాలు చూశాం. కథ తేలికే. ఒక పిల్ల, ఆమె మనసుపడ్డ కుర్రాడు, ఇద్దర్నీ విడదీసే ఒక పెద్దమనిషి, ఒక జబ్బు, చివర్లో చావు. కింద అక్షరాలు పడుతుంటాయి, రాగం మాత్రం అక్షరాలు చదవనివ్వదు.

మొదటిది సినిమాలాగా తీశారు. నిజమైన మేడలు, తోటలు, గుర్రబ్బండ్లు. కళ్లు జిగేల్‌మన్నాయి. "ఇదే సార్, ఇంకేం చూడక్కర్లేదు" అన్నాను. అరగంట గడిచాక నా కన్ను ఒక తేడా పట్టుకుంది. ఆ పిల్ల పైస్థాయిలో ఎంత గట్టిగా పాడినా మెడ నున్నగానే ఉంది, రొమ్ము ఎగరడం లేదు. ముందే పాడి పెట్టుకుని, తర్వాత పెదాలు కదిపారు. అమ్మ చెప్పిన నరం గుర్తొచ్చింది.

రెండోది ఈ కాలపు స్టేజీ. కోట్లు, సోఫా, ఆస్పత్రి మంచం. నటన అద్భుతం. కుర్రాడు నిజంగానే కుమిలిపోయాడు. కానీ కెమెరాలు పది ఉన్నాయి, తీసినవాడికి ఒక్క క్షణం కుదురు లేదు. కన్ను, చెయ్యి, పన్ను, మళ్లీ కన్ను. ఊపిరి ఎక్కడ పట్టిందో చూద్దామనేసరికి ఇంకోచోటికి దూకుతాడు. నన్ను నేనే చూసుకున్నట్టయింది. గులాబీ రేకులొక్కటే తక్కువ.

మూడోది పాతది. రంగులు వెలిసిపోయి, హాల్లో దూరంగా పెట్టిన ఒకటి రెండు కెమెరాలతో తీసింది. పదహారేళ్ల పిల్లగా నలభై దాటిన లావుపాటి ఆమె. జనం దగ్గులు వినబడుతున్నాయి. ఇది పనికిరాదని చెప్పబోతుండగా ఆమె పాడటం మొదలుపెట్టింది. మనిషి మొత్తం ఫ్రేములో ఉంది. పొట్టలోంచి ఊపిరి లేవడం, భుజాలు దిగడం, అన్నీ కనబడ్డాయి. పక్కన కుర్రాడు వింటూ నిలబడ్డాడు, రుద్రప్ప మాదిరిగా. పాట అయిపోగానే హాలు దద్దరిల్లింది. చప్పట్లు ఆగవు. ఆమె కదలకుండా ఆ పిల్లలాగానే నిలబడి ఉంది. చివరికి వాద్యాలవాళ్ల పెద్ద చెయ్యెత్తాడు. ఆమె మళ్లీ మొదటినుంచి అందుకుంది.

"ఇది రిపీట్ సార్. ఎడిట్ చేయడం మర్చిపోయినట్టున్నారు" అన్నాను.

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "మర్చిపోలేదు పీరా, కావాలని ఉంచినారు. ఆ రెండోసారి కోసమే జనం ఈ డిస్కు కొనేది. మొదటిసారి బాగా పాడాలని పాడుతుంది. రెండోసారికి ఇంక భయమేముంది? విను."

విన్నాను. అవే మాటలు, అదే రాగం. రెండోసారి ఆమె ఎక్కడా తొందరపడలేదు. ఒకచోట గొంతు కొద్దిగా చీలింది, దాన్ని దాచుకోలేదు. నాకు ఇటలీ ముక్క రాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే కోటకింద మలుపులో కాళ్లు ఆగిపోయాయి. గీత అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసిపోయింది.

అటక మీది పెట్టె

మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. సరోజక్క గుమ్మంలో కూర్చుని పత్తి దారం చుడుతోంది. కూర్చోకముందే అడిగేశాను.

"అక్కా, అడవి పద్యం రెండోసారి పాడింది నేను తీసేసినందుకేనా నువ్వు చూడనంటాండేది?"

ఆమె దారం చుట్టడం ఆపింది. తర్వాత ఆ గుసగుస గొంతుతో, "మొదట పాడినప్పుడు గొంతు ఇంగా బిగుసుకోనే ఉండె. రెండోసారే పాడినట్టు పాడినా. నా బతుకులో అంత బాగా ఇంగెప్పుడూ పాడల్యా" అంది. "పోనీలే పీరా. నీ పని నీది."

పోనీలే అన్న మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఒరిజినల్ క్యాసెట్ ఉందో లేదో నాకే తెలియదు. ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్లు కొనడం ఎందుకని పాతవాటి మీదే మళ్లీ తీసేవాళ్లం. ఇంటికొచ్చి అటక మీది పెట్టె దించాను. నాటకం రెండో భాగం క్యాసెట్ దొరికింది. దాని మీద నాటకం పేరును కప్పేస్తూ ఇంకో చీటీ అతికించి ఉంది. 'పత్తికొండ పెళ్లి' అని నా చేతిరాతే.

విప్పి చూస్తే టేపు అంచుల్లో తెల్లగా బూజు. స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడుస్తూ చేత్తో మెల్లగా చుట్టుకుంటూ వచ్చాను. రెండు రోజులు పట్టింది. పాత వీసీఆర్ కూడా విప్పి హెడ్ శుభ్రం చేసి పెట్టాను. పరిగెత్తిస్తే ఆ టేపు తెగుతుందని మామూలుగానే నడిపించాను. పత్తికొండ టమోటా వ్యాపారి పెళ్లి మొదలైంది. ఊరేగింపు, బ్యాండు మేళం, పలకరింపులు. పావుగంట. అరగంట. ఆ పెళ్లికొడుకు మేనమామ కెమెరాకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ముప్పావు గంట. నేను చేతులు నలుపుకుంటూ, ఇంక చాలు, తొందరగా తాళి కట్టించండయ్యా అని టీవీతోనే మొత్తుకున్నాను. అప్పగింతల మధ్యలో తెర మీద మంచు కురిసినట్టయి, బొమ్మ రెండుసార్లు ఎగిరి, అడవి తెర, దాని ముందు రాణి కనబడింది. పద్యానికి ముందు మాటలు ఇంకా నడుస్తున్నాయి.

వెంటనే ఆపేశాను. మొదట వినాల్సింది నేను కాదు.

రాణి గదిలో

ఆదివారం పొద్దున వీసీఆర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని ఎమ్మిగనూరు తీసుకెళ్లాను. కంప్యూటర్‌లోకి ఎక్కించి మంచి ఫైలు చేసి ఇవ్వచ్చు, అది తర్వాత చేశాను. ఆ రోజు క్యాసెట్టే వినిపించాలనిపించింది. మగ్గం గదిలో టీవీకి తగిలించాను. గీత నేల మీద, సరోజక్క మంచం మీద కూర్చున్నారు. ఈసారి ఆమె ముఖం తిప్పుకోలేదు.

మొదటిసారి పద్యం అయిపోయింది. ఈలలు, చప్పట్లు. వాటన్నింటినీ మించి, మైకుకు ఆనుకుని అరిచినట్టు, బొంగురు గొంతు ఒకటి టీవీ స్పీకరు పగిలేటట్టు వచ్చింది.

"వన్స్‌మోర్. అక్కా, వన్స్‌మోర్. ఇంగొగసారి పాడక్కా!"

దానితోపాటే బొమ్మ ఊగింది. పక్కకు ఒరిగింది.

గీత చెవులు మూసుకుంది. "ఎవురు తాతా ఆ అరిసేటోడు? కెమెరా మీదే ఎక్కినట్టుండాడు."

అది నా గొంతు. స్టాండును ఎవరూ తన్నలేదు. రెండు చేతులూ వదిలేసి లేచి అరిచింది నేనే. ఆ సంగతి నాకు గుర్తే లేదు. పరుగెత్తించి చూసినందువల్ల ఎడిటింగ్‌లోనూ వినబడలేదు.

"ఇంగెవురు?" అంది సరోజక్క, నవ్వుతూ. "జనం అరుస్తానే ఉంటారు, అందరికీ పాడతామా? కెమెరా ఇడిసిపెట్టి మరీ అరుస్తాండాడే అని ఈయప్పను సూసే పాడినా. అడిగినోడే కోసేసినాడే అని ఇన్నేళ్లూ నాకు మంట."

తెర మీద ఆమె రెండోసారి అందుకుంది. అంతకుముందు బిగుసుకున్న చోటల్లా గొంతు విప్పుకుంది. గీత మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని విన్నది. టేపును వెనక్కి తిప్పించుకుని మళ్లీ విన్నది. మూడోసారి టీవీ సౌండు తగ్గించమని, కళ్లు మూసుకుని తానే ఎత్తుకుంది. సరోజక్క చేత్తో మంచం పట్టె మీద తాళం వేస్తూ, ఊపిరి పట్టాల్సిన చోట మనవరాలి భుజం తట్టింది.

డాక్టరుగారికి నేను చెప్పిన తీర్పు కూడా రాసేస్తాను. కొత్తవాళ్లకు కథ తెలియడానికి మొదటి డిస్కులో మొదటి అంకం పెట్టండి. నటన చూడాలనుకునేవాళ్లకు రెండోది ఇవ్వండి. పాట వినాలంటే మాత్రం మూడోదే, చప్పట్లు దగ్గులతో సహా. ఆయన స్నేహితులు ఇప్పుడు మూడోదే అడుగుతున్నారట. పిల్లలకు నేను చెప్పేదీ అదే. ఊగిన బొమ్మ కనబడితే, కోసే ముందు సౌండు పెట్టి ఒకసారి వినండి. ఎందుకు ఊగిందో తెలుసుకోండి.

ఆ ఆదివారం మగ్గం గదిలో గీత పద్యం ముగించింది. చివర్లో గొంతు కొంచెం వణికింది. సరోజక్క ఏమైనా అంటుందేమో అని చూశాను. ఆమెకు అరిచేందుకు గొంతు లేదు. ఆమె నా వైపు చూస్తోంది.

లేచి నిలబడి అరిచాను.